హారర్ ఓపెనింగ్ తీశాం, భయం మాత్రం రావట్లేదు. తప్పు ఎడిటింగ్‌లోనా, మ్యూజిక్‌లోనా?

మూడోబెల్ | సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. కోర్సులో భాగంగా మేం నలుగురం కలిసి ఒక హారర్ సినిమా ఓపెనింగ్ తీశాం. పూర్తి సినిమా కాదు, టైటిల్ పడేదాకా మాత్రమే. 2 నిమిషాల 20 సెకన్లు. నటించిన అమ్మాయికి మళ్లీ వీలు కాదు కాబట్టి రీషూట్ అనే మాటే లేదు. ఉన్న ఫుటేజ్‌తోనే ఏదైనా చేయాలి.

కథ చిన్నది. అర్ధరాత్రి ఒక అమ్మాయి ఒంటరిగా చదువుకుంటూ ఉంటుంది. వంటగదిలో కొళాయి నుంచి చుక్కలు పడుతున్న చప్పుడు. విసుగ్గా లేచి వెళ్లి కొళాయి గట్టిగా కట్టేసి వస్తుంది. కాసేపటికి చప్పుడు మళ్లీ మొదలవుతుంది. ఈసారి వెళ్లి చూస్తే సింక్ పొడిగా ఉంటుంది, చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. మెల్లగా తలెత్తి పైకి చూస్తుంది. టైటిల్.

రాసుకున్నప్పుడు నాకే ఒళ్లు గగుర్పొడిచింది. ఎడిట్ చేసి క్లాసులో వేస్తే ఒక్కరిలోనూ చలనం లేదు. మొదటి షాట్ నుంచి చివరిదాకా ఒక డార్క్ మ్యూజిక్ ట్రాక్ పరిచాం. తలెత్తే చోట గట్టిగా ఒక దెబ్బ వేశాం. "బాగానే ఉంది గానీ ల్యాగ్" అన్నారు. కట్స్ ఇంకా స్పీడ్‌గా పడాలా, మ్యూజిక్ మార్చాలా? ఇంకో 9 రోజుల్లో సబ్మిట్ చేయాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

కత్తెర | సోమవారం, రాత్రి 10:31

రెండు విషయాలు చెప్పండి. మొత్తం ఎన్ని కట్స్? ఆ అమ్మాయి వంటగదికి రెండుసార్లు వెళ్తుంది కదా, రెండుసార్లూ ఒకేలా కట్ చేశారా?

మూడోబెల్ | సోమవారం, రాత్రి 10:40

41 కట్స్. రెండు నడకలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. పాదాల క్లోజప్, వెనక నుంచి షాట్, తలుపు, చెయ్యి, కొళాయి.

కత్తెర | సోమవారం, రాత్రి 11:18

ల్యాగ్ ఎక్కడుందో మీ జవాబులోనే దొరికింది. 140 సెకన్లకు 41 కట్స్ అంటే సగటున మూడున్నర సెకన్లకు ఒకటి. అది నెమ్మదైన ఎడిటింగేమీ కాదు. అయినా ల్యాగ్ అనిపించిందంటే, చూసేవాళ్లకు ఎదురుచూడడానికి ఏమీ దొరకలేదన్నమాట. స్పీడ్ పెంచితే ఆ కొరత తీరదు.

ముందు రెండు నడకల్నీ విడదీయండి. మొదటిసారి ఆ అమ్మాయికి భయం లేదు, విసుగు మాత్రమే. కాబట్టి విసుగ్గానే కట్ చేయండి. కుర్చీ జరిగింది, తలుపు, చెయ్యి కొళాయి మీద, అయిపోయింది. నాలుగు కట్స్ చాలు. ఈ నాలుగు కట్స్‌లోనే ఇంటి మ్యాప్ ప్రేక్షకుడి బుర్రలోకి వెళ్లిపోవాలి. టేబుల్ ఇక్కడ, వసారా అక్కడ, వంటగది తలుపు ఎడమ పక్కన.

రెండోసారి మాత్రం కట్ చేయొద్దు. వెనక నుంచి తీసిన షాట్ ఉందన్నారు కదా, నడక మొత్తం అందులోనే ఉంచండి. దారి ఎంతుందో ప్రేక్షకుడికి ఇప్పుడు తెలుసు, ఇంకా ఎన్ని అడుగులు మిగిలాయో లెక్కపెట్టుకుంటాడు. ఆ లెక్కలోనే భయం పుడుతుంది. మొదటిసారి 6 సెకన్లలో అయిపోయిన దారి రెండోసారి 20 సెకన్లు పడితే ఎవరూ ల్యాగ్ అనరు.

ఇంకో మాట. పొడి సింక్ చూపించాక వెంటనే అమ్మాయి ముఖానికి కట్ చేసి ఉంటారు. చాలామంది చేసే పనే అది. సింక్ మీద ఇంకో రెండు సెకన్లు ఆగండి. నీళ్లు లేవని ఆమెతో పాటు మనమూ కళ్లారా చూసి తేల్చుకోవాలి. ముఖం ముందే చూపిస్తే, భయపడమని మీరు చెప్పినట్టు అవుతుంది.

నాదబిందు | సోమవారం, రాత్రి 11:52

కత్తెర గారు పిక్చర్ సంగతి చెప్పారు, నేను సౌండ్ గురించి చెప్తాను. ఇప్పుడే ఒక పని చేయండి. మ్యూజిక్ ట్రాక్ మ్యూట్ చేసి, లైట్లన్నీ ఆపేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం ఒకసారి చూడండి.

మీ సినిమాలో దెయ్యం ఆ చుక్క చప్పుడే. దాని మీద 140 సెకన్ల పాటు వేరే మ్యూజిక్ కప్పేశారు. పైగా మొదటి షాట్‌లోనే డార్క్ మ్యూజిక్ వస్తే, అమ్మాయి పుస్తకం తిరగేస్తున్నప్పుడే "నాన్నా పులి" అని అరిచినట్టు. పులి నిజంగా వచ్చేసరికి ఎవరూ లేవరు. క్లాసులో జరిగింది అదే.

నేనైతే మొదటి నిమిషం మ్యూజిక్ పూర్తిగా తీసేస్తాను. చుక్క చప్పుడు 2 సెకన్లకు ఒకటి పెట్టండి. మీది సెకనుకు 24 ఫ్రేముల టైమ్‌లైన్ అయితే సరిగ్గా 48 ఫ్రేములకు ఒకటి. గడియారంలా ఉండాలి. చెవికి అలవాటైపోతే అదే మీ తాళం అవుతుంది. కొళాయి కట్టేశాక 8 సెకన్లు ఏమీ వద్దు, గది చప్పుడు మాత్రమే. ఆ 8 సెకన్లలో ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. తర్వాత మళ్లీ చుక్క.

చీకటిగది | మంగళవారం, ఉదయం 7:05

నాదబిందు గారితో సగమే ఏకీభవిస్తాను. చివరి దెబ్బ మాత్రం తీయొద్దు. థియేటర్‌లో కుర్చీలోంచి ఎగిరిపడడం కూడా హారర్ ఇచ్చే ఆనందమే, అందులో తక్కువతనం ఏమీ లేదు. మీ దెబ్బ పనిచేయకపోవడానికి కారణం దానికి ముందున్న రెండు నిమిషాలు కూడా దాదాపు అంతే గట్టిగా ఉండటం. మీ ఆడియో వేవ్‌ఫామ్ (శబ్దం హెచ్చుతగ్గులు చూపించే గీత) ఒకసారి చూడండి. మొదటి నుంచి చివరిదాకా ఇటుకలా నిండుగా ఉంటే పైకి లేవడానికి చోటు ఎక్కడుంది? దెబ్బకు ముందు బాగా తగ్గించండి, అప్పుడు దెబ్బ దెబ్బలా తగులుతుంది.

వీణాతంత్రి | మంగళవారం, మధ్యాహ్నం 1:20

మ్యూజిక్ చేసేదాన్ని కాబట్టి నా వైపు మాట కూడా వినండి. "మ్యూజిక్ తీసేయడమే మంచిది" అని ప్రతి చర్చలో వినిపిస్తుంది, ప్రతిచోటా అది నిజం కాదు. దర్శకుడు హిచ్‌కాక్ 1960లో 'సైకో' తీసినప్పుడు షవర్ సీన్‌కు మ్యూజిక్ వద్దనే అనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తీగ వాద్యాలతో చేసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. ఆ స్కోర్ మొత్తం తీగ వాద్యాలే. మూడేళ్లకు, 1963లో, అదే దర్శకుడు 'ది బర్డ్స్'లో మామూలు బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ అసలు వాడలేదు. పక్షుల అరుపులు, ఎలక్ట్రానిక్ శబ్దాలు, నిశ్శబ్దం, అంతే. వాటికి సలహాదారుగా ఉన్నది మళ్లీ అదే హెర్మన్. ఒకే ఇద్దరు మనుషులు, రెండు సినిమాలు, రెండు జవాబులు. ఒక సీన్‌లో అసలు భయపెట్టేది ఏదో పట్టుకుని, మిగతావి దానికి అడ్డం రాకుండా చూశారు.

మీ సీన్‌లో ఆ పని చేసేది చుక్క. కాబట్టి నాదబిందు గారు చెప్పింది మీకు సరిపోతుంది. మ్యూజిక్ పొడి సింక్ కనిపించిన క్షణంలో మొదలవ్వాలి. ఒకే ఒక్క స్వరం, మ్యూజిక్ వస్తోందని ఎవరికీ తెలియనంత మెల్లగా. రాగం వద్దు, పియానో వద్దు. రాగం వినిపించగానే ఎవరో వాయిస్తున్నారని తెలిసిపోతుంది, ఆ అమ్మాయి ఒంటరితనం చెదిరిపోతుంది.

మూడోబెల్ | బుధవారం, రాత్రి 9:47

చెప్పినవన్నీ చేశాను. 41 కట్స్ ఇప్పుడు 23 అయ్యాయి. రెండో నడక ఒకే షాట్, 19 సెకన్లు. మ్యూజిక్ తీసేశాక నిజంగా వేరే సినిమా చూస్తున్నట్టు ఉంది.

కానీ మ్యూజిక్ కింద ఇన్నాళ్లూ దాక్కున్న తప్పులన్నీ బయటపడ్డాయి. ప్రతి కట్ దగ్గర వెనక గొయ్ మనే శబ్దం మారిపోతోంది. కొన్ని షాట్లలో ఫ్రిజ్ చప్పుడు ఉంది, కొన్నింటిలో లేదు. రెండోది, సౌండ్ వేరే రికార్డర్‌లో, వీడియో ఫోన్‌లో తీశాం. ఆ పొడుగు నడక షాట్‌లో మొదట సౌండ్, పిక్చర్ సరిగ్గానే కలుస్తాయి, చివరికి వచ్చేసరికి అడుగుల చప్పుడు 6 ఫ్రేములు తేడా వస్తోంది.

పాతప్రొజెక్టర్ | బుధవారం, రాత్రి 10:03

రెండోదానికి నా దగ్గర జవాబు ఉంది. చాలా ఫోన్లు, ముఖ్యంగా వెలుతురు తక్కువైనప్పుడు, ఫ్రేమ్ రేటును వాటంతట అవే మారుస్తుంటాయి. సెకనుకు 24 అనుకుంటాం, అది కాసేపు 23, కాసేపు 25 తీసి ఉంటుంది. అందుకే మొదట కలిసి చివర్లో జారిపోతోంది. ఒరిజినల్ ఫైళ్లను హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి, కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఆప్షన్ పెట్టి, క్వాలిటీ తగ్గకుండా మార్చుకోండి. వాటిని టైమ్‌లైన్‌లో మళ్లీ పెట్టండి. ఒరిజినల్స్ మాత్రం డిలీట్ చేయొద్దు.

నాదబిందు | బుధవారం, రాత్రి 10:35

ఇక మొదటిది. నటి దొరకదు గానీ గది దొరుకుతుంది కదా? షూట్ చేసిన వేళకే అక్కడికి వెళ్లి, ఫ్రిజ్ ఆన్‌లో ఉంచి, ఎవరూ కదలకుండా ఒక నిమిషం రికార్డ్ చేయండి. ఫ్రిజ్ ఆపేసి ఇంకో నిమిషం. ఆ రెండూ మీకు బంగారంతో సమానం.

ఫ్రిజ్ చప్పుడును మొదటి ఫ్రేము నుంచి ఒకే ముక్కగా, మెల్లగా పరిచేయండి. కట్ దగ్గర శబ్దం మారడం ఆ పరుపు కింద చాలావరకు కలిసిపోతుంది. ప్రతి ఆడియో కట్ మీద రెండు ఫ్రేముల క్రాస్‌ఫేడ్ (ఒక శబ్దం తగ్గుతుండగా రెండోది పెరగడం) వేయండి, టక్ మనే శబ్దం రాదు. ఇంకా లోతైన గుర్రు మనే మోత మిగిలితే 80 హెర్ట్జ్ కింద ఉన్న శబ్దాలను కోసేయండి. నాయిస్ రిడక్షన్ మరీ ఎక్కువ వాడితే మాటలు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతాయి, జాగ్రత్త.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఫ్రిజ్ చప్పుడు రెండు నిమిషాలుగా వినిపిస్తోందని ఎవరికీ గుర్తుండదు. ఆగినప్పుడే తెలుస్తుంది. పొడి సింక్ కనిపించిన చోట దాన్ని ఆపండి. కంప్రెసర్ ఆగేటప్పుడు చిన్నగా వణికి ఆగుతుంది కదా, అదే రికార్డ్ చేయండి. గదిలో ఉన్న ఒకే ఒక్క తోడు కూడా వెళ్లిపోయినట్టు ఉంటుంది.

మూడోబెల్ | గురువారం, రాత్రి 11:58

ఇవాళ ఒకటి జరిగింది, చెప్పకుండా నిద్ర పట్టదు.

రెండో నడకలో చుక్కలు 48 ఫ్రేములకు ఒకటి చొప్పున పేరుస్తున్నాను. కాపీ పేస్ట్ చేస్తూ ఒక చుక్క వేయడం మర్చిపోయాను. తెలియకుండానే ప్లే చేశాను. పక్కన మా కెమెరామన్ ఫోన్ చూసుకుంటున్నాడు, స్క్రీన్ వైపు కూడా లేడు. చుక్క... చుక్క... చుక్క... తర్వాతది పడాల్సిన చోట పడలేదు. వాడు ఫోన్ దించి తలెత్తి చూశాడు. తర్వాతి చుక్క పడేదాకా చెవులు రిక్కించి అలాగే ఉండిపోయాడు.

ఆ ఖాళీని అలాగే ఉంచేశాను. సరిగ్గా అమ్మాయి వంటగది గడప దగ్గర ఉన్నప్పుడు వస్తోంది.

కత్తెర | శుక్రవారం, ఉదయం 6:40

మీ ఓపెనింగ్ మీకు దొరికింది. ఆ ఖాళీ ఇంకెక్కడా వాడొద్దు, ఒక్కసారే. దాని చుట్టుపక్కల 5 సెకన్ల పాటు పిక్చర్‌లో కట్ కూడా ఉండకూడదు. కట్ పడితే కన్ను అటు పోతుంది, చెవి మర్చిపోతుంది.

నాదబిందు | శుక్రవారం, ఉదయం 8:15

చదివి చాలా సంతోషమేసింది. దీన్ని ఇంకో మెట్టు ఎక్కించవచ్చు. ఇప్పటిదాకా చుక్క స్టీల్ సింక్‌లో పడుతోంది, టింగ్ మని కొంచెం లోహపు మోత. పొడి సింక్ చూశాక పడే చివరి చుక్క శబ్దం మార్చండి. మోత లేకుండా, దగ్గరగా, మెత్తగా, టప్ మని. బట్ట మీద పడినట్టు. ఒక చొక్కా గుడ్డను భుజానికి బిగుతుగా కప్పి, మైక్ ఒక జానెడు దూరంలో పెట్టి, డ్రాపర్‌తో నీళ్లు వేసి రికార్డ్ చేయండి.

అది ఆ అమ్మాయి భుజం మీద పడింది. ఇప్పుడు తలెత్తి పైకి చూడడానికి ఆమెకో కారణం ఉంది. కెమెరాలో మీరు తీయని షాట్ సౌండ్‌తో వచ్చేసింది.

మూడోబెల్ | శుక్రవారం, ఉదయం 8:22

ఇది చదివేటప్పుడు నా భుజం తడుముకున్నాను.

వీణాతంత్రి | శుక్రవారం, సాయంత్రం 6:10

ఇప్పుడు నా ఒక్క స్వరం ఎలా చేయాలో చెప్తాను. ఖరీదైన వాద్యాలేమీ అక్కర్లేదు. ఏ ఆడియో సాఫ్ట్‌వేర్‌లోనైనా టోన్ జనరేటర్ ఉంటుంది, ఉచితంగా దొరికే ఆడాసిటీలో కూడా ఉంది. ఒక ట్రాక్‌లో 110 హెర్ట్జ్ సైన్ టోన్ (ఏ కల్తీ లేని ఒకే స్వరం), ఇంకో ట్రాక్‌లో 110.5 హెర్ట్జ్. రెండూ సమానంగా కలిపితే వాటి మధ్య అర హెర్ట్జ్ తేడా వల్ల శబ్దం 2 సెకన్లకోసారి ఉబ్బి తగ్గుతుంది. మీ చుక్కల లయ కూడా 2 సెకన్లే కదా. చుక్కలు చెవికి నేర్పిన ఊపిరినే ఈ స్వరం అందుకుంటుంది.

మొదట వినిపించీ వినిపించనట్టు పెట్టి, తల లేచేదాకా చాలా నెమ్మదిగా పెంచండి. తర్వాత టైటిల్‌కు 12 ఫ్రేముల ముందు ఒక్కసారిగా ఆపేయండి. ఫేడ్ వద్దు, కత్తితో కోసినట్టు ఆగాలి. చీకటిగది గారి దెబ్బ నాకైతే అక్కర్లేదనిపిస్తోంది. ఆగిపోవడం కూడా దెబ్బే.

చీకటిగది | శుక్రవారం, రాత్రి 9:30

నేను ఇంకా దెబ్బ పక్షమే. రెండు వెర్షన్లూ చేసి, కథ తెలియని మనుషులకు చూపించండి. మాలో ఎవరు చెప్పినా అది అభిప్రాయమే, వాళ్ల ముఖాలు చూస్తే మీకే తెలుస్తుంది.

తెల్లకాగితం | శనివారం, ఉదయం 10:44

పాత ట్రాక్ తీసేశారు కాబట్టి మీకు ఈ చిక్కు తప్పింది, అయినా ఈ చర్చ చదివే మిగతా స్టూడెంట్స్ కోసం. నెట్‌లో ఉచితంగా దొరికే మ్యూజిక్ అంతా ఒకటి కాదు. క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్సుల్లో సీసీ జీరో అయితే పేరు కూడా వేయనక్కర్లేదు. బై అని ఉంటే పేరు, లైసెన్స్ వేయాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు. అందరూ పొరబడేది ఎన్‌డీ దగ్గర, అంటే మార్పులు చేసి పంచుకోకూడదు. "నేను పాటను మార్చలేదు కదా" అనుకుంటారు. కానీ వీడియోతో జత కలపడాన్నే ఆ లైసెన్స్ మార్పుగా లెక్కేస్తుంది, కాబట్టి ఎన్‌డీ ట్రాక్ సినిమాలో వాడకూడదు.

అలాగే పాతకాలపు శాస్త్రీయ సంగీతం. రచనకు హక్కులు తీరిపోయి ఉండొచ్చు, కానీ ఎవరో ఈమధ్య వాయించి రికార్డ్ చేసినదానికి వేరే హక్కులు ఉంటాయి. డౌన్‌లోడ్ చేసిన రోజే లైసెన్స్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో పెట్టుకోండి. గతంలో నా షార్ట్ ఫిల్మ్‌కు కాపీరైట్ క్లెయిమ్ వచ్చినప్పుడు ఆ స్క్రీన్‌షాట్ వల్లే బయటపడ్డాను.

మూడోబెల్ | ఆదివారం, రాత్రి 8:50

ఎక్స్‌పోర్ట్ చేసి ఫోన్‌లో చూస్తే వీణాతంత్రి గారి స్వరం అసలు వినిపించట్లేదు! హెడ్‌ఫోన్స్‌లో అద్భుతంగా ఉంది. ఇంకోటి, అప్‌లోడ్ చేశాక చీకటి గోడ మీద చారలు చారలుగా కనిపిస్తున్నాయి.

వీణాతంత్రి | ఆదివారం, రాత్రి 9:12

చిన్న ఫోన్ స్పీకర్లు అంత కింది శబ్దాన్ని పలికించలేవు. 440, 440.5 హెర్ట్జ్ జత ఒకటి చేసి, మొదటి జత కంటే బాగా తక్కువ వాల్యూమ్‌లో కలపండి. ఇది కూడా 2 సెకన్లకే ఉబ్బుతుంది. ఫోన్‌లో ఆ సన్నని తీగ ఒక్కటే వినిపిస్తుంది, పెద్ద స్పీకర్లలో కింది బరువు తోడవుతుంది.

నాదబిందు | ఆదివారం, రాత్రి 9:40

లౌడ్‌నెస్ కూడా చూసుకోండి. యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం మీద శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం) కంటే గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది, మెల్లగా ఉన్నవాటిని మాత్రం పెంచదు. అలాగని మొత్తాన్ని మైనస్ 14కు తోసేయొద్దు. మీ సినిమా నిశ్శబ్దం మీద నిలబడింది, సగటు తక్కువే ఉంటుంది, ఉండనివ్వండి. పీక్, అంటే అన్నిటికంటే గట్టి క్షణం, మైనస్ 1 డెసిబెల్ దాటకపోతే చాలు. క్లాసులో వేసే ముందు ఆ గది స్పీకర్లలోనే ఒకసారి విని, మొదటి చుక్క వెనక వరుసకు వినిపిస్తోందో లేదో చూసుకుని వాల్యూమ్ సెట్ చేయండి.

చీకటిగది | ఆదివారం, రాత్రి 10:02

చారలు కంప్రెషన్ (ఫైల్ సైజు తగ్గించడం) వల్ల. నలుపు నుంచి బూడిద రంగుకు మెల్లగా మారే చోట వస్తాయి. సన్నటి గ్రెయిన్ (పిక్చర్ మీద నలుసుల్లాంటి చుక్కలు) వేసి, ఎక్కువ బిట్‌రేట్‌తో ఎక్స్‌పోర్ట్ చేయండి, చాలావరకు తగ్గుతాయి. క్లాసులో అప్‌లోడ్ చేసిన కాపీ కాకుండా ఒరిజినల్ ఫైల్ ప్లే చేయండి.

మూడోబెల్ | బుధవారం, సాయంత్రం 5:26

ఇవాళ వేశాం.

దెబ్బ ఉన్నదీ లేనిదీ రెండూ ముందే ఆరుగురికి చూపించాను. దెబ్బ ఉన్నప్పుడు ఎగిరిపడ్డారు, వెంటనే నవ్వేశారు. లేనప్పుడు టైటిల్ పోయాక కూడా స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయారు. నాకు ఆ రెండోదే కావాలనిపించింది. చీకటిగది గారు, మీరు చెప్పినట్టు చూపించకపోతే ఈ తేడా నాకు తెలిసేది కాదు.

క్లాసులో నేను వెనక నిలబడ్డాను. రెండో నడక మొదలైనప్పుడు ఎవరో పేపర్లు సర్దుకుంటున్నారు. ఆ చుక్క పడలేదు. పేపర్ల చప్పుడు ఆగిపోయింది. ఫ్రిజ్ ఆగినప్పుడు ముందు వరుసలో ఒకమ్మాయి గది పైకప్పు వైపు చూసింది, సినిమాలో అమ్మాయి ఇంకా చూడకముందే.

ఒక విమర్శ వచ్చింది. మొదటి నిమిషంలో టేబుల్ దగ్గర షాట్లు ఇంకా రెండు ఎక్కువ ఉన్నాయన్నారు. నిజమే, అక్కడ లైటింగ్ బాగా కుదిరిందని వదల్లేకపోయాను. రేపు తీసేస్తాను.

కత్తెర | బుధవారం, సాయంత్రం 6:03

ఆ రెండూ తీసేటప్పుడు తర్వాతి చుక్కలు 48 ఫ్రేముల వరుస తప్పకుండా చూసుకోండి. ముందు వరుస తప్పితే గడప దగ్గర ఖాళీ పనిచేయదు.

నాదబిందు | బుధవారం, సాయంత్రం 6:20

చుక్క సౌండ్లు, ఆ గది రికార్డింగులు రెండు చోట్ల బ్యాకప్ పెట్టుకోండి. మిగతా సినిమా తీసినప్పుడు అవే కావాలి.